ఎంగిలి అన్నం, జింక పిల్ల

శ్రోతలకు నమస్కారం.

మా ఇంటికి వచ్చిన చుట్టాలు కాళ్లు కడుక్కోకముందే అడిగే మాట, "ఇక్కడ పాములుంటాయటగా?" అని. ఉంటాయి. మేముండేది హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం క్వార్టర్స్‌లో. 1974లో విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక గచ్చిబౌలి వైపు దానికి కేటాయించిన జాగా సుమారు 2,300 ఎకరాలు. చుట్టూ గోడ, గేటు దగ్గర సెక్యూరిటీ. లోపల చెరువులు, దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు, తంగేడు, మోదుగ, సీతాఫలం చెట్లు. వాటి నడుమ మా ఇళ్లు.

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం తలుపు తీస్తే గోడ మీద నెమలి కనబడుతుంది. వానాకాలం ముగిసేసరికి మగ నెమళ్లు పింఛం రాల్చేస్తాయి. పిల్లలు బడికి పోతూ పోతూ ఈకలు ఏరుకుంటారు. వానలు మొదలైతే నక్షత్ర తాబేళ్లు రోడ్డెక్కుతాయి. స్కూటర్ ఆపి, అది ఎటు పోతోందో అటువైపు గడ్డిలో దించి వెళ్లాలి. ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని కొందరు నమ్ముతారు గానీ, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

పాముల సంగతికి వస్తాను. మా ఇళ్ల దగ్గర ఎక్కువగా కనబడేది జెర్రిపోతు. అది ఎలుకల కోసం వస్తుంది, దానికి విషం లేదు. నాకు నిజంగా భయం కట్లపామంటేనే. అది రాత్రిపూట తిరుగుతుంది. కరిచినా నొప్పి పెద్దగా తెలియదు, అందుకే నేల మీద పడుకునేవాళ్లకు దానితో ప్రమాదం ఎక్కువ. మంచం మీద పడుకుని, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకోవాలి. చీకట్లో టార్చి లేకుండా గుమ్మం దాటకూడదు. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు బిగించడం, పసరు వైద్యం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. ఇంట్లోకి పాము వస్తే కర్ర పట్టుకోకండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లున్నారు, పిలిస్తే వచ్చి పట్టుకెళ్తారు.

కానీ ఇక్కడ నేను చూసిన చావు పాము వల్ల జరిగింది కాదు.

కొత్తగా వచ్చిన రోజుల్లో రాత్రి మిగిలిన అన్నం పెరటి గోడ అవతల వేసేదాన్ని. మూగజీవాలు తింటాయి, పుణ్యమే కదా అనుకున్నాను. మొదట ఒక కుక్క వచ్చేది. నెల తిరక్కుండా అయిదారు అయ్యాయి. అన్నం లేని రోజున కూడా అవి అక్కడే కాపు కాసేవి. ఒక తెల్లవారుజామున అరుపులు వినబడి మావారు కర్ర తీసుకుని పరిగెత్తారు. అప్పటికే చుక్కల జింక పిల్లను గోడ మూలకు తరిమేశాయి. జింకకు ఉన్న బలమంతా పరుగే. ఆ గోడ దగ్గర దానికి పరుగెత్తే దారి లేకపోయింది. మావారు చేరేసరికి ప్రాణం పోయింది. తల్లి కాబోలు, దూరంగా పొద దగ్గర ఒక జింక చాలాసేపు నిలబడింది.

ఎవరో చేసిన తప్పు అనడానికి లేదు. ఆ కుక్కలను అక్కడికి అలవాటు చేసింది నేను పెట్టిన అన్నమే. ఎలుకలూ ఆ మెతుకుల కోసమే వచ్చేవి, వాటి వెనక పాములూ.

2025లో పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తుంటే, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పని ఆపించింది. ఎకరాల కోసం కోర్టుకెళ్లి పోరాడినవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. అయితే మా పెరటి గోడ దగ్గర ఏం జరుగుతోందో చూసుకోవలసింది మేమే. ఆ జింక పిల్ల పోయినప్పటినుంచి మా చెత్తడబ్బాకు గట్టి మూత ఉంది, రాత్రి అది వంటింట్లోకి వచ్చేస్తుంది. తొక్కలూ, కూరగాయల చెత్తా కంపోస్టు కుండీలోకి పోతాయి. పెరట్లో లైటు అవసరమైతేనే వేస్తాం.

మొన్న పక్కింటి కొత్త కోడలు అన్నం గిన్నెతో గోడ వైపు వెళ్తుంటే, "ఆగమ్మా" అని పిలిచాను. జింక పిల్ల సంగతంతా చెప్పాను. మారు మాట్లాడకుండా గిన్నె వెనక్కి తీసుకెళ్లింది. పొద్దున్నే ఆ అన్నానికి తాలింపు పెట్టి, "పిన్నిగారూ, రుచి చూడండి" అంటూ మాకూ ఓ గిన్నెడు తెచ్చింది.