మొగుడి సంతకం చెల్లదు, పెళ్లాం అసలు మనిషే కాదు: కరోలిన్ నార్టన్ కథ

1853 ఆగస్టు, లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ కౌంటీ కోర్టు. గుర్రబ్బండి బాగు చేసినందుకు మాకు డబ్బులు రాలేదని బండ్లవాళ్లు కేసు వేశారు. బండి వాడుకున్నది కరోలిన్ నార్టన్ అనే రచయిత్రి, కేసు మాత్రం ఆవిడ మొగుడి మీద. అలా పెట్టించింది కూడా ఆవిడే! బాకీవాళ్లు ఎవరొచ్చినా "మా ఆయన్ని అడగండి" అని పంపించేసేది.

ఎందుకో అర్థం కావాలంటే అప్పటి ఇంగ్లండ్ చట్టంలో కవర్చర్ అనే మాట తెలియాలి. పెళ్లయిన మరుక్షణం ఆలుమగలిద్దరూ చట్టం లెక్కలో ఒకే మనిషి, ఆ ఒక్కడూ మొగుడు. భార్య సంపాదన మొగుడిది, ఒప్పందాలు చేసుకునే హక్కు ఆమెకు లేదు, పిల్లలు కూడా ఆయన సొత్తే. డబ్బున్న పుట్టింటివాళ్లు ముందే ట్రస్టు రాయిస్తే, అంటే ఆమె కోసం ఆస్తిని వేరేవాళ్ల చేతిలో పెడితే, కొంత మిగిలేది. మన దగ్గర స్త్రీధనం అనే మాటైనా ఉంది, అది ఆడవాళ్ల చేతికి ఎంత దక్కిందన్నది వేరే సంగతి.

[స్క్రీన్ మీద: 1827]

కరోలిన్ పెళ్లి ఈ ఏడాదే. భర్త జార్జ్ నార్టన్ లాయరు, పార్లమెంటు సభ్యుడు, చేయి చేసుకునే రకం. ఒకసారి వేడి టీ కెటిల్ తీసి కావాలనే తన చేతికి ఆనించాడని తర్వాత ఆవిడే రాసింది. 1836లో జార్జ్ ముగ్గురు కొడుకుల్నీ ఆమెకి దూరం చేసి, ఆమెకీ ప్రధానమంత్రి లార్డ్ మెల్‌బోర్న్‌కీ సంబంధం ఉందంటూ ఆయన మీద 10,000 పౌండ్ల నష్టపరిహారానికి దావా వేశాడు. పరువు పోతున్నది ఆమెది, కానీ ఆ కేసులో ఆమె కక్షిదారూ కాదు, సాక్షీ కాదు, నోరు విప్పే వీలే లేదు. జ్యూరీవాళ్లు కూర్చున్న చోటునుంచి లేవకుండానే కేసు కొట్టేశారు. అయినా పిల్లలు మాత్రం తండ్రి దగ్గరే!

దాంతో ఆవిడ కలం పట్టుకుంది. కరపత్రాలు రాసి ఎంపీలకి పంచింది, 1839లో చట్టం వచ్చింది: ఏడేళ్ల లోపు పిల్లల్ని తన దగ్గర ఉంచుకోవడానికి తల్లి కోర్టులో అర్జీ పెట్టుకోవచ్చు, వ్యభిచారం రుజువు కాకపోతేనే సుమా. కానీ పిల్లలు అప్పటికే స్కాట్లాండ్‌లో ఉన్నారు, ఆ చట్టం అక్కడ చెల్లదు. 1842లో చిన్న కొడుకు విలియం గుర్రం మీంచి పడ్డాడు, చిన్న గాయమే, అది కాస్తా విషమించింది. కబురందుకుని పరుగెత్తుకెళ్లిన తల్లి "బాబుకి తగ్గిందా?" అని అడిగింది. అప్పటికే అయిపోయింది.

మళ్లీ ఆ బండి దగ్గరికి వద్దాం. 1848లో జార్జ్ ఏడాదికి 500 పౌండ్లు ఇస్తానని కాగితం రాసిచ్చాడు. ఆమెకి తల్లి నుంచి కొంత ఆస్తి వచ్చిందని తెలియగానే ఇవ్వడం మానేశాడు. ఇదేంటని అడిగితే, భార్యతో మొగుడు చేసుకున్న ఒప్పందానికి విలువే లేదన్నాడు, చట్టప్రకారం నిజమే కూడా! సరే, నేను మనిషినే కానప్పుడు నా అప్పులు మాత్రం నావెలా అవుతాయి అని బాకీవాళ్లందర్నీ ఆయన మీదికి తోలింది. నాకైతే ఈ కథ మొత్తంలో నచ్చిన ముక్క ఇదే.

అంతకుముందు విడాకులు కావాలంటే పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చేది, 1857లో ఆ పని కోర్టు చేతికి వచ్చింది. అందులోనూ తేడా ఉండేది. మొగుడికి భార్య తప్పు ఒక్కటి చాలు, భార్యకి మాత్రం ఆయన వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, వదిలేసి పోవడమో ఇంకొకటి కూడా చూపించాలి. పెళ్లయిన ఆడవాళ్ల సంపాదన వాళ్లదేనని 1870లో ఒప్పుకున్నారు, ఆస్తి మొత్తం మీద హక్కు 1882లో గానీ రాలేదు.

కరోలిన్‌కి విడాకులు ఎప్పటికీ దొరకలేదు. జార్జ్ 1875లో పోయాడు. 1877 మార్చిలో పాత స్నేహితుణ్ణి పెళ్లి చేసుకుని, ఆ జూన్‌లోనే కన్నుమూసింది.