మెమరీ ఫోమ్ మీద పేచీ (ఇన్‌సోల్స్ ఎపిసోడ్)

వాసు: నమస్కారం, అందరూ బాగున్నారా? ఈవారం షూ ఇన్‌సోల్స్, అదే, షూ లోపల పాదం కింద వేసే మెత్తలు. ఈవీఏ, పీయూ అనే రెండు రకాల ఫోమ్‌లు, కార్క్, జెల్, అన్నీ వరుసగా చెప్పుకుందాం. అక్కా, నీలం జెల్ మాత్రం చివర్లో.

శారద: చివర్లోనే. ముందు నువ్వు మొన్న కొన్న మెమరీ ఫోమ్.

వాసు: దానికేమైంది? కాలు పెడితే ఎంత హాయిగా ఉందో!

శారద: కాలు పెడితే హాయే, నడవాలిగా! 1966లో నాసా కోసం విమానం సీట్లకని చేసిన ఫోమ్ అది, నొక్కితే అణిగి మెల్లగా లేస్తుంది. సీట్లో మనిషి కదలడు. నడకలో కాలు గాలిలో ఉండేది అర సెకను కూడా కాదు. ఫోమ్ పూర్తిగా లేచేలోపే మళ్ళీ మడమ పడుతుంది.

వాసు: ఒత్తిడిని పాదమంతా పంచుతుందిగా?

శారద: పంచుతుంది. పల్చగా ఉంటే మాత్రం అణిగిపోయి కింద సోల్ తగులుతుంది. ఒంటి వేడికి ఇంకా మెత్తబడుతుంది కూడా. ఇంతకీ పాత ఇన్‌సోల్ తీసేశావా?

వాసు: మళ్ళీ మొదలా!

శారద: తీయాలి. దాని మీదే కొత్తది వేస్తే మడమ పైకి లేచి జారుతుంది, వేళ్ళు పైన ఒరుసుకుంటాయి.

వాసు: సరే తీస్తాను. కానీ మెత్తనిది తప్పంటే ఒప్పుకోను.

శారద: పరుపు మీద ఒంటికాలిపై నిలబడి చూడు. చీలమండ ఎంత ఊగుతుందో! నేల ఎక్కడుందో పాదానికి తెలియాలి.

వాసు: మా నాన్నకి తెలియదక్కా. షుగర్. పాదాలు మొద్దుబారాయి. డాక్టరు మెత్తనివే వేసుకోమన్నారు.

శారద: ...నాన్నగారి సంగతి వేరు, వాసూ. స్పర్శ లేనప్పుడు ఒకేచోట ఒత్తిడి పడితే పుండవుతుంది, నొప్పి కూడా తెలియదు. ఎంసీఆర్, అంటే మైక్రో సెల్యులర్ రబ్బరు చెప్పులే వేయించు. ఆ రబ్బరు మెత్తగా ఉంటుంది, కానీ తొందరగా అణగదు. అడుగున గట్టి సోల్ ఉండాలి. షూ అయితే వేసుకునే ముందు రోజూ లోపల చేత్తో తడిమి చూడమను. చిన్న రాయి ఉన్నా ఆయనకు తెలియదు.

వాసు: ఇవాళే చెప్తాను. ...సరే, మిగతావి గబగబా.

శారద: ఈవీఏ తేలిక, లోపలంతా గాలి బుడగలు. వాడేకొద్దీ అణిగిపోతుంది, అప్పుడు మార్చేయాలి. పీయూ కాస్త బరువు, ఎక్కువ కాలం వస్తుంది. కార్క్ నెమ్మదిగా పాదం ఆకారానికి వస్తుంది. ఏది కొన్నా పాతది తీసి...

వాసు: తీసేశాకే! జెల్ ముక్క మడమ కింద ఒక్కటే పెట్టుకోవచ్చా?

శారద: రెండు కాళ్ళకీ పెట్టు. ఒకదానికే పెడితే ఒక కాలు ఎత్తవుతుంది.

వాసు: నొప్పి ఒక కాలికేగా?

శారద: అయినా రెండిటికీ.

వాసు: దీని మీద ఇంకో గంట మాట్లాడాలి. ఇప్పటికి ఉంటాం.