నాలుగు అరచేతుల పట్టు

శ్రోతలందరికీ నమస్కారం.

ఇరవై ఏళ్లుగా నేను కారు డ్రైవింగ్ నేర్పుతున్నాను. ఆ మధ్య ఒక వానాకాలం సాయంత్రం, ఒకప్పుడు నా దగ్గర నేర్చుకున్న కుర్రాడు కొత్తగా కొన్న స్పోర్ట్స్ కారులో నన్ను ఎక్కించుకుని హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. ఇంజిన్ వెనక ఉండే కారు. సన్నగా జల్లు పడుతోంది. చాలాసేపు 120లో సాఫీగా వచ్చాం. మా ఎగ్జిట్ వచ్చింది. కిందికి దిగే లూపులో సగం దూరం వెళ్లాక, వేగం ఎక్కువైందని అతనికి తోచింది. టక్కున యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడు.

అంతే, కారు వెనక భాగం పక్కకి జారింది. ఒకటిన్నర చుట్టు తిరిగి, వచ్చిన దారి వైపే ముఖం పెట్టి ఆగాం. దేవుడి దయ, వెనక ఏ లారీ లేదు. కాసేపు వైపర్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. అతని కుడి మోకాలు వణుకుతూనే ఉంది. చివరికి అడిగాడు: "సార్, నేను వేగం తగ్గించాను కదా, మరి ఎందుకు తిరిగింది?"

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. తప్పు చేసినవాడు అడిగిన ప్రశ్న కాదది. తనకు తెలిసిన జాగ్రత్త తీసుకుని కూడా దెబ్బతిన్నవాడి ప్రశ్న. అందుకే ఈ రోజు మీ అందరి ముందూ దానికి జవాబు చెప్పాలనుకున్నాను.

కారు ఎంత పెద్దదైనా, ఎన్ని కోట్లు పెట్టి కొన్నా, రోడ్డును తాకేది నాలుగు టైర్లలో ఒక్కొక్కటీ సుమారు ఒక అరచేతి మేర మాత్రమే. బ్రేకు పట్టడానికీ, వేగం అందుకోవడానికీ, మలుపు తిరగడానికీ ఉన్న పట్టంతా అక్కడే. మలుపులో ఆ పట్టు చాలావరకు తిరగడానికే ఖర్చయిపోతుంది. అప్పుడే గట్టిగా బ్రేకు కూడా వేస్తే ఇవ్వడానికి టైరు దగ్గర ఏమీ మిగలదు.

పైగా ఆ నాలుగు అరచేతుల మీద బరువు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎద్దుల బండి తోలినవాళ్లకు ఇది బాగా తెలుసు. బండిలో బరువంతా వెనక్కి సర్దితే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడ మీద నిలవదు. కారులో ఈ సర్దుబాటు మన కాలే చేస్తుంది. యాక్సిలరేటర్ నొక్కితే బరువు వెనక్కి వెళుతుంది, కాలు తీసేసినా బ్రేకు వేసినా ముందుకు వస్తుంది. ఆ కుర్రాడు కాలు ఒక్కసారిగా తీసేసరికి బరువు ముందుకు దూకింది. అప్పటికే మలుపులో కష్టపడుతున్న వెనక టైర్లు తేలికై, తడి రోడ్డు మీద పట్టు వదిలేశాయి. వేగం తగ్గించాలన్న ఆలోచన సరైనదే. తగ్గించాల్సిన చోటు మాత్రం దాటిపోయింది.

మామూలు చిన్న కారులోనూ ఇది జరగొచ్చు. కానీ 80, 90 హార్స్‌పవర్ ఉన్న బండి చాలా తప్పులను ఓర్చుకుంటుంది. 400, 500 ఉన్న బండికి అంత ఓర్పు ఉండదు.

1975లో పోర్షే కంపెనీ 911 టర్బో అని ఒక కారు అమ్మకానికి తెచ్చింది. ఇంజిన్ వెనక, 260 హార్స్‌పవర్. ఇప్పటి లెక్కల్లో అది పెద్ద అంకెగా కనిపించకపోవచ్చు. కానీ ఇంజిన్‌లోకి అదనంగా గాలి తోసి శక్తి పెంచే టర్బో అప్పట్లో వెంటనే పని చేసేది కాదు. మలుపులో కాలు నొక్కితే మొదట ఏమీ జరిగేది కాదు. డ్రైవరు ఇంకాస్త నొక్కేవాడు. అప్పుడు శక్తంతా ఒక్కసారిగా విరుచుకుపడేది, వెనక చక్రాలు జారేవి. భయపడి కాలు తీసేస్తే ఇంకా ఎక్కువ జారేవి. అందుకే ఆ కారుకు 'విడో మేకర్' అని పేరు పడింది. ఇంట్లో ఇల్లాలి పసుపు కుంకుమలు తీసుకుపోయే బండి అని అర్థం. ఇప్పటి ఎలక్ట్రిక్ కార్ల తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. కాలు ఆనించీ ఆనించకముందే శక్తి మొత్తం చక్రాలకు అందుతుంది. రెండిట్లోనూ చివరికి లెక్కకొచ్చేది మడమ దగ్గర జరిగే చిన్న కదలికే.

2013 నవంబరు 30న కాలిఫోర్నియాలో హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ చనిపోయిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన డ్రైవరు పక్క సీట్లో ఉన్నారు. కారు పోర్షే కరెరా జీటీ, 600కు పైగా హార్స్‌పవర్, కారు జారకుండా కాపాడే స్టెబిలిటీ కంట్రోల్ లేని మోడల్. గంటకు 72 కిలోమీటర్ల పరిమితి ఉన్న చోట అది సుమారు 130 నుంచి 150 వేగంతో వెళ్లిందని దర్యాప్తులో తేల్చారు. దాంతోపాటు ఇంకొక మాట కూడా బయటపడింది. ఆ కారు టైర్లు తొమ్మిదేళ్ల పాతవి.

ఈ టైర్ల సంగతి దగ్గర కాస్త ఆగుతాను. స్పోర్ట్స్ కార్లు ఎక్కువ తిరగవు. సెల్లార్‌లో కవరు కప్పుకుని వారాల తరబడి ఉంటాయి. అందుకే టైరు అరగదు, చూడ్డానికి కొత్తదానిలా నల్లగా ఉంటుంది. కానీ రబ్బరు వయసుతో గట్టిపడిపోతుంది, పట్టు పోతుంది. టైరు పక్క గోడ మీద వేలు పెట్టి వెతికితే చిన్న చట్రంలో నాలుగు అంకెలు తగులుతాయి. 2319 అని ఉంటే, 2019లో 23వ వారం తయారైందని అర్థం. సెకండ్ హ్యాండ్‌లో కారు కొనేవాళ్లు పెయింటు చూస్తారు, సీట్ల తోలు చూస్తారు. ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ నాలుగు అంకెలు చదవండి. చల్లగా ఉన్న టైరు కూడా పూర్తి పట్టు ఇవ్వదు, కాబట్టి బయల్దేరిన మొదటి పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడపండి. ఇక వాన విషయం. వెడల్పు టైరు మంచిదని అందరూ అనుకుంటారు. పొడి రోడ్డు మీద నిజమే. నీళ్లు నిలిచిన చోట మాత్రం వెడల్పు టైరు సన్నటి టైరు కంటే త్వరగా నీటి మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. ఆ క్షణంలో స్టీరింగ్ తిప్పకుండా, బ్రేకు జోలికి వెళ్లకుండా, మెల్లగా కాలు వదులు చేయాలి.

మళ్లీ మా లూపు దగ్గరికి వద్దాం. మన ఔటర్ 158 కిలోమీటర్లు, పరిమితి 120. ఆ వేగంలో సెకనుకు 33 మీటర్లు దాటిపోతాం. అరగంట అలా నడిపాక 80కి తగ్గితే, బండి పాకుతున్నట్టు అనిపిస్తుంది. కంటికి వేగం అలవాటైపోతుంది. అందుకే ఎగ్జిట్ దగ్గర మనసు చెప్పేది నమ్మొద్దు, మీటరు చూడండి. 40లో తిరగాల్సిన మలుపును 80లో తిరగాలంటే టైరుకు నాలుగు రెట్ల పట్టు కావాలి. వాన రోడ్డు మీద అది ఎక్కడి నుంచి వస్తుంది?

బ్రేకు పని తిన్నని దారిలోనే ముగించండి. తర్వాత తిప్పండి. స్టీరింగ్ నిటారుగా వస్తున్న కొద్దీ యాక్సిలరేటర్ ఇవ్వండి. అప్పటికీ వెనక భాగం జారితే, డివైడర్ వైపు చూడకండి. చూపు ఎటు పోతే చేతులు అటే పోతాయి. ఎటు వెళ్లాలో అటే చూస్తూ స్టీరింగ్ తిప్పండి. కారు పూర్తిగా తిరిగిపోతే ఇక సరిదిద్దబోకండి, క్లచ్ ఉంటే క్లచ్, బ్రేకు రెండూ గట్టిగా నొక్కి పట్టుకోండి.

ఇంకో సంగతి. ఆ రోజు అతను స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ చేశాడు. పక్కనే ఉండి నేను గమనించలేదు, గమనించి ఉండాల్సింది. 1995లో మెర్సిడెస్ కార్లలో మొదలైన ఆ ఏర్పాటు, కారు జారబోతున్నప్పుడు ఏ చక్రానికి కావాలో దానికి మాత్రమే బ్రేకు వేస్తుంది. మన రెండు కాళ్లతో ఆ పని చేయలేం. దయచేసి రోడ్డు మీద ఆ బటన్ ముట్టుకోకండి. కారు సత్తా చూడాలని ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో రేస్ ట్రాకులున్నాయి. అక్కడ ఎదురుగా స్కూటీ మీద పిల్లల్ని తీసుకుని ఎవరూ రారు.

తర్వాత నెల రోజులు ప్రతి ఆదివారం ఖాళీ మైదానంలో నీళ్లు చల్లించి అతనితో ప్రాక్టీసు చేయించాను. చేయించింది ఒక్కటే పని: యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేటప్పుడు ఒకటి నుంచి నాలుగు దాకా పైకి లెక్కపెట్టమన్నాను. మొదట్లో రెండు అనేలోపే కాలు పైకి వచ్చేసేది.

మళ్లీ ఒక వాన సాయంత్రం అదే ఎగ్జిట్‌కు వెళ్లాం. తిన్నని దారిలోనే మీటరు ముల్లు 40కి వచ్చింది. లూపు మొదలైంది. అతని కాలు కదల్లేదు. టోల్ గేటు దాకా వైపర్ల చప్పుడే వింటూ వచ్చాం.