వయ్యారిభామకి దగ్గరి చుట్టం
(బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పోయిన నెల నేను వంటనూనెల గురించి మాట్లాడుతుంటే వెనక వరసలో సగంమంది కునికారు. అందుకే ఈసారి కాఫీలు ముందే ఇప్పించమన్నాను. ఆ కాఫీ సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఈ విషయం నాకు మా లిఫ్టులో దొరికింది. సంక్రాంతి వెళ్లిన వారంలో మా బ్లాకు పెద్దావిడ ఒకరు చేతిలో సీసాతో ఎక్కారు. అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిచ్చాడట. సీసా మీద ఊదారంగు పువ్వు బొమ్మ, కింద ఎకినేషియా అని పేరు. "మాష్టారూ, రోజుకి రెండు వేసుకుంటే జలుబు దరి చేరదంట. వేసుకోనా?" అన్నారు. ఇంకేం మందులు వాడుతున్నారమ్మా అనడిగాను. "పెద్దగా ఏం లేవండీ. కీళ్లవాతానికి వారానికో బిళ్ల, అంతే." ఆ వారానికో బిళ్ల పేరు మెథోట్రెక్సేట్. మూడో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు చెప్పి ముగించే సంగతి కాదది. వద్దని మాత్రం అన్నాను. ఆవిడ వెంటనే, "పోన్లెండి, అయితే మనవడికి వేస్తాను" అన్నారు. మనవడికి ఏడేళ్లు. ఆ రెండు ముక్కలకీ ఇవాళ తీరిగ్గా జవాబు చెబుతాను.

ముందు మొక్క సంగతి. ఇది ఉత్తర అమెరికా గడ్డి మైదానాల మొక్క. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు కుటుంబం. పువ్వు మధ్యలో ముళ్లముళ్లుగా ఉబ్బిన బొడిపె ఉంటుంది. ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువుని గ్రీకులు ఎకినోస్ అనేవారు, పేరు అక్కణ్నుంచి వచ్చింది. ఇందులో జాతులు చాలానే ఉన్నా మందుల్లోకి వెళ్లేవి మూడు: పర్‌ప్యూరియా, అంగస్టిఫోలియా, పాలిడా. ఈ మూడు పేర్లూ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

అక్కడి మూలవాసులు దీని వేరుని పంటి నొప్పికీ, గొంతు నొప్పికీ, పుండ్లకీ, పాము కాటుకీ వాడేవారు. 19వ శతాబ్దం చివర నెబ్రాస్కాలో మేయర్ అనే ఆయన దీన్ని రక్తశుద్ధి మందు పేరుతో అమ్మాడు. రక్తశుద్ధి అనే మాట మనకి కొత్తా! సిన్సినాటిలో మందుల తయారీదారు జాన్ యూరి లాయిడ్ నమ్మకపోతే, "రాటిల్‌స్నేక్ అనే విషప్పాముతో మీ ముందే కరిపించుకుంటాను, ఈ మందుతో బతికి చూపిస్తాను" అని మేయర్ కబురంపాడు. లాయిడ్ వద్దన్నాడు. మంచి పనే చేశాడు. తర్వాత ఆ లాయిడ్ కంపెనీయే ఎకినేషియా మందు అమ్మింది, అది వేరే కథ.

1930ల్లో గెర్హార్డ్ మడౌస్ అనే జర్మన్ వైద్యుడు అంగస్టిఫోలియా విత్తనాల కోసం అమెరికా దాకా వెళ్లాడు. తీసుకెళ్లి నాటాక మొలిచినవి పర్‌ప్యూరియా! సరే, చేతికొచ్చిన దానితోనే పని మొదలుపెట్టాడు. యూరప్‌లో ఇన్నాళ్లూ జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం పర్‌ప్యూరియా మీదే ఉండటానికి మూలం ఆ విత్తనాల పొట్లం.

ఇందులో ఏముందంటే, నాలుక మీద తెలుస్తుంది. వేరు సారం ఒక్క చుక్క వేసుకుంటే ముందు మట్టి వాసన, చిరుచేదు. పది లెక్కపెట్టేలోపు నాలుక చివర చిమచిమలాడి మొద్దుబారుతుంది, నోట్లో నీరూరుతుంది. ఈ అనుభవం మీలో పెద్దవాళ్లకి తెలిసిందే. మాటలు ఆలస్యమైన పిల్లలకి అక్కలకర్ర అరగదీసి తేనెతో నాకించేవారు కదా, అదే చిమచిమ. అక్కలకర్ర కూడా ఈ కుటుంబపు మొక్కే, రెండింటిలోనూ ఉన్నవి ఆల్కమైడ్లనే పదార్థాలు. ఇవీ, సికోరిక్ ఆమ్లం, కొన్ని పెద్ద చక్కెర అణువులూ రక్షణ కణాలని కదిలిస్తాయని ప్రయోగశాలల్లో చూశారు. గాజు పళ్లెంలో కణం కదిలితే మన ముక్కు కారడం ఆగుతుందా అన్నది అసలు ప్రశ్న.

జలుబుకి మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులని మనవాళ్లు ఊరికే అనలేదు. దానంతటదే తగ్గే జబ్బుకి ఏ మందైనా పని చేసినట్టే కనిపిస్తుంది. నేనూ ఒకసారి వాడాను, తగ్గింది. అది సాక్ష్యం కాదు. అందుకే సగంమందికి మందు, సగంమందికి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి చూస్తారు. 2005లో వర్జీనియాలో 399 మందికి ముక్కులో జలుబు వైరస్ చుక్కలు వేసి మరీ అంగస్టిఫోలియాని పరీక్షించారు. తేడా ఏమీ లేదు. 2010లో విస్కాన్సిన్‌లో 719 మంది మీద చూస్తే జలుబు సుమారు అర రోజు ముందు తగ్గింది, అదీ కాకతాళీయం కావచ్చన్నంత చిన్న తేడా. ఆ అధ్యయనంలో నాకు నచ్చింది ఇంకొకటి ఉంది. ఎకినేషియా మీద గట్టి నమ్మకమున్నవాళ్లకి ఉత్తుత్తి బిళ్ల ఇచ్చినా, ఏ బిళ్లా ఇవ్వనివాళ్ల కంటే త్వరగానే తేరుకున్నారు.

పూర్తిగా కొట్టిపారేయను. 2012లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 755 మందికి నాలుగు నెలలపాటు తాజా పర్‌ప్యూరియా సారం ఇస్తే జలుబులు కొంత తక్కువగా వచ్చాయి. 2014లో, వైద్య పరీక్షల ఫలితాలని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 24 పరీక్షలని, 4,600 పైచిలుకు మనుషులని కలిపి చూసి, వచ్చిన జలుబుని తగ్గించే గుణం రుజువు కాలేదని, రాకుండా ఆపడంలో మాత్రం కొద్దిపాటి లాభం ఉంటే ఉండొచ్చని తేల్చింది. ఇన్ని పరీక్షలు ఒక్క మాట మీదకి ఎందుకు రావు? ఒకరు వేరు వాడతారు, ఒకరు ఆకూ పువ్వూ పిండిన రసం, ఒకరు ఎండబెట్టిన పొడి. జాతులు మూడు. పేరు మాత్రం అన్నిటికీ ఎకినేషియానే. మీ చేతిలో ఉన్న సీసాకి ఆ పరీక్షల్లో ఏది వర్తిస్తుందో సీసాకే తెలియదు! 2003లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో డెన్వర్ దుకాణాల్లో 59 రకాలు కొని చూస్తే ఆరింటిలో అసలు ఎకినేషియా జాడే లేదు. చీటీ మీద రాసిన జాతే లోపల ఉన్నవి సగానికి కాస్త ఎక్కువ.

ఇప్పుడు జాగ్రత్తలు. బెంగళూరువాళ్లకి మొదటి జాగ్రత్త మన ఖాళీ సైట్లలోనే ఉంది. వాన పడితే నడుమెత్తు లేచే ఆ తెల్లపూల కలుపు, వయ్యారిభామ, కాంగ్రెస్ గడ్డి అంటాం కదా, అదీ ఈ కుటుంబమే. దాని గాలి తగిలితే ఒళ్లు దద్దుర్లెక్కేవాళ్లు, ఉబ్బసం రేగేవాళ్లు, చామంతి దండ పట్టుకుంటే తుమ్ములు మొదలయ్యేవాళ్లు ఎకినేషియా జోలికి వెళ్లొద్దు. ఆస్ట్రేలియాలో దీనివల్ల ప్రాణం మీదకి వచ్చిన అలర్జీ కేసులు నమోదయ్యాయి.

రెండోది మా పెద్దావిడ సంగతి. కీళ్లవాతం అంటే కంచె చేను మేయడమే. ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే కీళ్ల మీద పడుతుంది. డాక్టరు వారానికో బిళ్ల ఇచ్చి ఆ కంచెని అదుపులో పెడుతుంటే, మనం ఇంకో చేత్తో కంచెకి బలం మందు పొయ్యడమేమిటి? అందరికీ ముదురుతుందని అనను, కానీ ఇలాంటి జబ్బులు తిరగబెట్టిన కేసులున్నాయి. పైగా మెథోట్రెక్సేట్ కాలేయం మీద భారం, అందుకే రక్తపరీక్షలు చేయిస్తుంటారు. లూపస్ (ఇదీ కంచె చేను మేసే జబ్బే), టీబీ, హెచ్ఐవీ ఉన్నవాళ్లూ, కిడ్నీ మార్పిడి చేయించుకుని ఆ కంచెని అణిచిపెట్టే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు వాడేవాళ్లూ దీనికి దూరంగా ఉండాలి. గర్భిణులకి భద్రమని చెప్పడానికి సరిపడా ఆధారాల్లేవు, వద్దు.

మనవడి సంగతి. 2003లో సియాటిల్ ప్రాంతంలో రెండు నుంచి 11 ఏళ్ల పిల్లలు 407 మందితో పరీక్ష చేశారు. జలుబు ఒక్క రోజు కూడా తగ్గలేదు, దద్దుర్లు మాత్రం ఎక్కువయ్యాయి: ఉత్తుత్తి మందుతో 2.7 శాతం, దీనితో 7.1. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2012లో 12 ఏళ్లలోపు పిల్లలకి నోటి ద్వారా ఇవ్వొద్దని చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు వాడదలిస్తే, యూరప్ మందుల సంస్థ గీత పది రోజులు. అంతకు మించి వద్దంటుంది. మనవాళ్లు నెలల తరబడి మింగుతున్నారు. కడుపులో వికారం, దద్దుర్లు తప్ప ఈ కొద్ది రోజుల వాడకంలో చాలామందికి ఇబ్బంది ఉండదు, అదీ చెప్పాలి.

ఇక కాఫీ. కెఫీన్‌ని కరిగించే కాలేయపు ఎంజైమ్‌ని ఎకినేషియా కొంత నెమ్మదింపజేస్తుంది. రోజూ తాగే అదే ఫిల్టర్ కాఫీకి గుండె దడ, నిద్రపట్టకపోవడం వస్తే ఆశ్చర్యపోకండి. ఆయాసానికి వాడే థియోఫిలిన్ మందునీ ఆ ఎంజైమే కరిగిస్తుంది కాబట్టి అది వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. హోమియో కొట్లో దొరికే ఎకినేషియా ద్రవం, మదర్ టింక్చర్ అంటారు, అందులో ఆల్కహాలు ఉంటుంది, షుగరు, కాలేయ సమస్యలున్నవాళ్లు అదీ చూసుకోవాలి.

సీసాలు తెమ్మన్నాను, చాలామందే తెచ్చినట్టున్నారు. జాతి పేరు, వేరా ఆకా, ఒక్కో బిళ్లలో ఎన్ని మిల్లీగ్రాములు, ఇక్కడ కొన్నదైతే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (మన ఆహార భద్రత సంస్థ) నంబరు, ఇవి వెతుకుదాం. మీరు వాడే మిగతా బిళ్లల చీటీలూ పట్టుకుని బల్ల దగ్గరికి రండి. భూతద్దం తెచ్చాను. ఆ అక్షరాలు నాకూ కనబడవు.