స్వభావం ఒకటి, విలువ ఒకటి

అందరికీ నమస్కారం.

చాలా ఏళ్ల కిందట మా నాన్నగారికి పెద్ద ఆపరేషన్ జరిగింది. ఆసుపత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ ఆయన దగ్గర మేమిద్దరమే, అక్కా నేనూ. అక్క ఒక్క క్షణం కూర్చునేది కాదు. రిపోర్టుల ఫైలు చంకలో పెట్టుకుని నర్సుల గదికీ డాక్టరు గదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగేది. సెలైన్ చుక్క పడే వేగం తగ్గిందని అనుమానం వస్తే రాత్రి రెండింటికైనా ఎవరినో ఒకరిని లేపేది. నేనేమో మంచం పక్కన స్టూలు వేసుకుని, నాన్నగారి చెయ్యి పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆయన కళ్లు తెరిస్తే నాలుగు మాటలు. లేకపోతే అవీ లేవు.

చూడ్డానికి వచ్చిన చుట్టాలు వరండాలో అనుకున్న మాటలు నా చెవిన పడ్డాయి. "ఆ అమ్మాయికి తండ్రంటే ప్రాణం. వీడే, బండరాయి" అన్నారు ఒకరు. ఇంకొకరు దాన్ని తిరగేశారు. "ఆవిడది ఉత్త హడావిడి, అసలు ప్రేమ ఈ అబ్బాయిదే" అన్నారు.

ఇద్దరూ పొరబడ్డారు. వాళ్లు చూసింది మా స్వభావాల్ని, తీర్పు చెప్పింది మా విలువల మీద. నాన్న బతకాలన్నది ఇద్దరికీ ఒకటే. భయం వస్తే అక్క కదులుతుంది, నేను గడ్డకట్టుకుపోతాను. తేడా అంతే. ఈ రెండింటినీ కలగలిపి చూడటం వల్ల ఇళ్లల్లో, ఆఫీసుల్లో మనుషులకి జరుగుతున్న అన్యాయం చిన్నది కాదని నా నమ్మకం. దాని గురించే ఇవాళ మాట్లాడాలనుకుంటున్నాను.

స్వభావ లక్షణం అంటే, పెద్దగా ప్రయత్నం లేకుండానే మనం ఎక్కువసార్లు ఎలా ఉంటామో అది. విలువ అంటే, బతుకులో ఏది ముఖ్యమని మనం నమ్ముతామో అది. మొదటిదాంట్లో "ఉండాలి" అన్న మాట లేదు. రెండోది ఆ మాట మీదే నిలబడుతుంది. కలివిడిగా ఉండే మనిషి అలా ఉండాలని తీర్మానించుకుని ఉండడు, అది అతని తీరు. నిజాయితీ ముఖ్యమని నమ్మే మనిషి మాత్రం, ఒకరోజు అబద్ధం చెప్పి, రాత్రి నిద్రపట్టక దొర్లుతాడు.

లక్షణాల సంగతి ముందు చూద్దాం. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు ముందేసుకుని, మనిషి ఎలాంటివాడో చెప్పే మాటలన్నీ ఏరారు. దాదాపు 18,000 తేలాయి. వాటిలో నిలకడైన లక్షణాల్ని చెప్పేవి 4,500 వరకూ ఉన్నాయి. మనుషుల మధ్య ముఖ్యమైన తేడా ఏదైనా ఉంటే దానికి భాషలో ఒక మాట పుట్టే ఉంటుందన్నది దీని వెనకున్న ఆలోచన.

ఈ పని తెలుగు మాటలతో ఊహించుకుంటే నాకు ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డబ్బు ఆచితూచి ఖర్చుపెట్టేవాణ్ణి నచ్చితే పొదుపరి అంటాం, నచ్చకపోతే పిసినారి అంటాం. పట్టిన పని వదలనివాడిది మనవాడైతే పట్టుదల, పరాయివాడైతే మొండితనం. తక్కువ మాట్లాడేవాడు నెమ్మదస్తుడో, లేక మనసులో మాట బయటపెట్టని గుంభనం మనిషో, అది చెప్పేవాడి ఇష్టాన్ని బట్టి మారుతుంది. చూసిన నడత ఒక్కటే, దానికి తగిలించిన తీర్పులు రెండు. అంటే మా చుట్టాలది మాత్రమే కాదు తప్పు. మాట నోట్లోంచి వచ్చేసరికే లక్షణమూ విలువా ముడిపడిపోయి వస్తున్నాయి. ఆ ముడి విప్పడానికి కాస్త ఓపిక కావాలి.

తర్వాతి దశాబ్దాల్లో ఎందరో పరిశోధకులు ఆ మాటల కుప్పని వడపోసి, చివరికి ఐదు పెద్ద పాయలుగా తేల్చారు. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో క్రమం, నలుగురిలో ఉత్సాహం, ఇతరులతో సర్దుకుపోయే గుణం, ఆందోళన వైపు మొగ్గు. ఇవి మనుషుల్ని పడేసే డబ్బాలు కావు. ఎత్తు, బరువులాగా ప్రతి లక్షణమూ అందరిలోనూ ఎంతో కొంత ఉంటుంది, ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. "మీరు ఏ రకం మనిషి?" అని నాలుగు ప్రశ్నలడిగి ముద్ర వేసే పరీక్షలంటే నాకు అందుకే బాధ. నిజంగా ఉన్నది కొలత. వాళ్లు చేతిలో పెట్టేది చీటీ.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అంటారు మన పెద్దలు. ఇందులో సగం నిజం. కవలల మీద, పెంపుడు పిల్లల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, లక్షణాల విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో 40 నుంచి 50 శాతం దాకా జన్యువులతో ముడిపడి ఉంది. ఇది జనసమూహంలోని తేడాల లెక్క. ఒక మనిషిలో సగం పుట్టుక, సగం పెంపకం అని విడదీసి చెప్పే లెక్క కాదు. ఇక మిగతా సగం నిజానికి వస్తే, వయసుతో పాటు సగటున మనుషుల్లో పనిలో క్రమం పెరుగుతుంది, సర్దుకుపోయే గుణం పెరుగుతుంది, ఆందోళన కొంత తగ్గుతుంది. పుడకల దాకా ఆగక్కర్లేదు.

అయితే లక్షణం తెలిసినంత మాత్రాన రేపు ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పగలమా? 1928లో హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనేవాళ్లు వేలమంది బడిపిల్లల నిజాయితీని రకరకాల సందర్భాల్లో పరీక్షించారు. ఒకచోట మోసం చేసిన పిల్లవాడు ఇంకోచోట చేస్తాడన్న నమ్మకం పెద్దగా కుదరలేదు. 1968లో వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంకా గట్టిగా చెప్పాడు. లక్షణాల పరీక్షలో వచ్చిన మార్కుకీ, ఒకానొక సందర్భంలో ఆ మనిషి నడతకీ మధ్య సహసంబంధం, అంటే రెండూ ఎంత మేరకు కలిసి నడుస్తాయో చెప్పే కొలత, 0.30 దాటడం అరుదని. పూర్తిగా కలిసి నడిస్తే అది 1, సంబంధమే లేకపోతే 0. ఆ మాటతో పెద్ద దుమారమే రేగింది. చివరికి తేలిందేమిటంటే, ఒక్క సంఘటనని చూసి చెప్పడం కష్టం, చాలా రోజుల నడతని కలిపి సగటు చూస్తే లక్షణం స్పష్టంగా బయటపడుతుంది. మిషెలే తర్వాత యూచీ షోదాతో కలిసి వేసవి శిబిరంలో పిల్లల్ని రోజుల తరబడి గమనించాడు. ఒక పిల్లవాడు తోటివాళ్లు కవ్విస్తే కొడతాడు, పెద్దలు మందలిస్తే తల వంచుకుంటాడు. ఇంకొకడు సరిగ్గా దీనికి తలకిందులు. ఇద్దరి "దుడుకుతనం" లెక్కకి సమానంగానే రావచ్చు. కానీ ఏది తగిలితే ఎవరు రగులుతారన్నది ఒక్కొక్కరికీ సొంతం. ఇంట్లో పిల్లలున్న ప్రతివారికీ ఇది అనుభవమే.

ఇప్పుడు నా మనసులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఒక ప్రయోగం చెబుతాను. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రచురించినది. అందులో పాల్గొన్నవారు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో క్రైస్తవ మత విద్య చదువుతున్న 40 మంది విద్యార్థులు. చిన్న ప్రసంగం ఒకటి సిద్ధం చేసుకుని పక్క భవనానికి వెళ్లి చెప్పాలి. కొందరికి ఇచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుని కథ. దెబ్బలు తిని దారిలో పడి ఉన్న మనిషిని పెద్దమనుషులు దాటుకుని పోతే, ఒక పరాయివాడు ఆగి కాపాడిన కథ. వాళ్లు వెళ్లే సందులో ఒక మనిషి గుమ్మం దగ్గర తల వాల్చి కూలబడి ఉంటాడు. వీళ్లు దగ్గరికి రాగానే దగ్గుతాడు, మూలుగుతాడు. బయల్దేరేముందు కొందరితో "ఇంకా టైముంది, మెల్లగా వెళ్లండి" అన్న ధోరణిలో చెప్పారు. కొందరితో "అక్కడ సిద్ధంగా ఉన్నారు, వెళ్లండి" అన్నారు. మిగిలినవారితో "ఆలస్యమైపోయింది, మీకోసం ఎదురుచూస్తున్నారు" అన్నారు.

తొందర లేనివాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక విధంగా సాయం చేశారు. మధ్యరకం వాళ్లలో 45 శాతం. ఆలస్యమైందని విన్నవాళ్లలో 10 శాతం. సమరయుని కథ చెప్పడానికి వెళుతున్నవాళ్లే కొందరు ఆ మనిషిని అక్షరాలా దాటుకుని వెళ్లిపోయారు.

ఇది విన్న ప్రతిసారీ "చూశారా, విలువలన్నీ వట్టిమాటలు" అనేవారు కనిపిస్తారు. నేను ఒప్పుకోను. ఆ పరిశోధకులు కూడా అలా తేల్చేయలేదు. పరుగెత్తినవాళ్లలో కొందరు గమ్యం చేరేసరికి కలవరపడి ఉన్నారని వాళ్లు రాశారు. ఒకవైపు కూలబడిన మనిషి, ఇంకోవైపు "వస్తాను" అని మాటిచ్చిన మనిషి. మాట నిలబెట్టుకోవడం కూడా విలువే కదా. ఆ సందులో జరిగింది విలువకీ విలువకీ మధ్య ఘర్షణ, తొందర వచ్చి ఒకవైపు తోసేసింది.

విలువల్ని అర్థం చేసుకోవడానికి ఇదే కీలకం. 1992లో షాలోమ్ ష్వార్ట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 20 దేశాల్లో సేకరించిన సమాచారంతో పది మౌలిక విలువల్ని వివరించాడు. స్వతంత్రంగా ఆలోచించడం, సాహసం, సుఖం, విజయం, అధికారం, భద్రత, కట్టుబాటు, సంప్రదాయం, అయినవాళ్ల మేలు, లోకం మేలు. వీటిని ఆయన ఒక వలయంలో అమర్చాడు. పక్కపక్కనున్నవి కలిసి నడుస్తాయి. ఎదురెదురుగా ఉన్నవి ఒకదాన్ని పట్టుకుంటే ఇంకొకటి జారిపోతుంది. అధికారం కోసం పాకులాడుతూ అందరి మేలూ చూడటం కష్టం. సాహసమూ భద్రతా ఒకే చేతిలో ఇమడవు. తర్వాత ఎన్నో దేశాల్లో ఏ విలువ పైన, ఏది కింద అని అడిగితే, సాధారణంగా అయినవాళ్ల మేలే పైకి వచ్చింది, అధికారం అట్టడుగున పడింది. అంటే విలువలు లేని మనిషంటూ దాదాపు ఉండడు. మనుషుల మధ్య తేడా వరుస క్రమంలో ఉంది. ఆ వరుస మామూలు రోజుల్లో కనబడదు. రెండు విలువలు ఎదురుపడిన రోజున, ఏది వదులుకున్నాడో చూస్తే కనబడుతుంది.

లక్షణాలకీ విలువలకీ చుట్టరికం లేకపోలేదు. కొత్తదనం మీద ఆసక్తి ఉన్నవారు స్వతంత్ర ఆలోచనకి పెద్దపీట వేస్తారు. సర్దుకుపోయే గుణమున్నవారు ఇతరుల మేలుకి వేస్తారు. ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించినది, ఆందోళన వైపు మొగ్గుకీ విలువలకీ మధ్య సంబంధం దాదాపు కనిపించకపోవడం. ఎంత కంగారుపడతాడన్నది చూసి ఆ మనిషి దేన్ని ప్రేమిస్తాడో చెప్పలేం. ఆసుపత్రి వరండాలో జరిగిన పొరపాటు సరిగ్గా ఇదే. దీనికి రెండో వైపు కూడా ఉంది. పనిలో క్రమం ఉన్నంత మాత్రాన మంచివాడని కాదు. పద్దులు పక్కాగా రాసేవాడే పద్దుల్లో మోసం కూడా పక్కాగా చేయగలడు.

విలువల వరుస మారుతుందా? 1960ల చివర్లో మిల్టన్ రోకీచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో విద్యార్థులచేత 18 విలువల్ని వరుసలో పెట్టించాడు. స్వేచ్ఛ పైకి వచ్చింది, సమానత్వం బాగా కిందికి పోయింది. ఆయన వాళ్లని తిట్టలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆ పట్టిక చూపించి, మీకు మీ స్వేచ్ఛ మీద ఉన్నంత శ్రద్ధ పక్కవాడి స్వేచ్ఛ మీద లేదేమో చూసుకోండి అన్నాడు. నెలలు గడిచాక నల్లజాతీయుల హక్కుల కోసం పనిచేసే సంస్థ నుంచి సభ్యత్వం కోరుతూ ఉత్తరం వెళితే, ఆ పట్టికతో తమని తాము పోల్చుకున్నవాళ్లు, దాన్ని చూడనివాళ్లకంటే ఎక్కువగా స్పందించారు. పిల్లలకి నీతులు గంటలకొద్దీ చెప్పే మనకి ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను పనిచేసిన ఒకచోట, మీటింగులో ఒక సహోద్యోగి మీద తప్పు మోపారు. అది అతను చేసింది కాదని నాకు తెలుసు, ఆ కాగితం నా ఫైల్లోనే ఉంది. న్యాయం ముఖ్యమని నమ్మేవాణ్ణి నేను. కానీ నోరు పెగల్లేదు. ఏ వాక్యంతో మొదలుపెట్టాలా అని కూర్చుకుంటుండగానే మీటింగ్ అయిపోయింది. మెట్ల దగ్గర అతను ఆగి, "నువ్వూ అలాగే అనుకుంటున్నావని తెలీదు" అన్నాడు. అతను నా మౌనాన్ని నా అభిప్రాయంగా చదువుకున్నాడు. మా చుట్టాలు చేసిన తప్పే, కానీ ఈసారి దాని ఖర్చు ఇంకొకరు భరించారు. కాగితం మర్నాడు చూపించాను. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది.

నా స్వభావమే అంత అని ఊరుకోవడానికి వీల్లేని రోజు అది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించిన ఒక పద్ధతి నాకు అప్పుడు పనికొచ్చింది. "ఇకమీద ధైర్యంగా ఉంటాను" అనుకుంటే పెద్దగా జరగదు. "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను" అని ముందే కచ్చితంగా ముడివేసుకుంటే చేసే అవకాశం బాగా పెరుగుతుంది. నేను కాగితం మీద ఇలా రాసుకున్నాను: "నాకు తెలిసిన విషయం మీద తప్పు మాట వినబడితే, ముందు చెయ్యెత్తుతాను. ఏం చెప్పాలో ఆ తర్వాత ఆలోచిస్తాను." చెయ్యి లేచాక గదంతా నావైపు తిరుగుతుంది, ఇక మాట్లాడక తప్పదు.

మొదటిసారి రెండే వాక్యాలు చెప్పగలిగాను. అవి సరిపోయాయి. గొంతు అప్పుడూ వణికింది, ఇప్పటికీ వణుకుతుంది. ఇందాక మొదటి రెండు నిమిషాలు మీరూ గమనించే ఉంటారు. ఇక మీరు అడగండి, వింటాను.