పొద్దున్నే పిట్టల ఫోటోలకి 200-600 లెన్స్ - మూడు వారాలు వాడాక నా రివ్యూ

నమస్కారం అండీ. ముందుగా ఒక మాట. ఈ లెన్స్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళు మూడు వారాలు వాడి చూడమని పంపించారు, తిరిగి ఇచ్చేయాలి. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. బరువెంత, లోపల గ్లాసులెన్ని అనేవి మీరు ఈపాటికి వేరే చోట చూసే ఉంటారు, నేను వాటి జోలికి వెళ్ళను.

ఎక్కువగా హైదరాబాద్ శివార్లలోని అమీన్‌పూర్ చెరువు దగ్గరే వాడాను. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన చెరువు అది. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా, చలికాలం పొద్దున గట్టు మీద కూర్చుంటే నాకు అదే అడవి.

ఇప్పుడు నా చెయ్యి చూడండి. ఇది 200 ఎంఎం, అంటే ఎక్కువ మేర కనిపించే చివర. మణికట్టు ఒక్కసారి తిప్పాను, 600, అంటే పిట్ట బాగా దగ్గరగా కనిపించే చివర. అంతే. పైగా లెన్స్ ముందుకి సాగలేదు, జూమ్ అంతా లోపలే జరిగిపోయింది. ఈ ఒక్క విషయం గురించి నేను గంటసేపు మాట్లాడగలను.

ఎందుకంటే నా పాత 150-600తో ఆరేళ్ళు అవస్థ పడ్డాను. పూర్తిగా జూమ్ చేయాలంటే రెండుసార్లు చెయ్యి మార్చి తిప్పాలి. గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో ఎర్రకాళ్ళ కొంగల్ని తీద్దామని కిందికి వంచితే చాలు, గొట్టం దానంతటదే జారి సాగిపోయేది. లాక్ వేస్తే జూమ్ కదలదు, తీస్తే జారిపోతుంది. ఎగిరే పిట్టని 600 దగ్గర వెతకడం చాలా కష్టం, ఫ్రేమ్‌లో అంతా ఆకాశమే కనిపిస్తుంది. వెనక్కి వచ్చి, పిట్టని పట్టుకుని, మళ్ళీ ముందుకి వెళ్ళాలి. ఈలోపు అది వెళ్ళిపోతుంది.

నలుపు తెలుపు లకుముకిపిట్టని చూశారు కదా? నీళ్ళ మీద గాల్లో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది, తల కదలదు, చేప కనబడగానే రాయిలా పడిపోతుంది. రెండో ఆదివారం 7.10కి నా ఎదురుగా అలా ఆగింది. 200లో పట్టుకున్నాను, ఒక్క తిప్పుతో 600కి వెళ్ళాను. స్క్రీన్ మీద ఉన్నది ఆ ఫోటోనే. ముక్కు నీళ్ళని తాకిన క్షణం. షటర్ 1/2000 సెకను, ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపిస్తుందో చెప్పే అంకె) 2500. ఆరేళ్ళుగా దీనికోసం తిరుగుతున్నానండీ. కెమెరా పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను.

వెలుతురు సంగతి. లెన్స్ ఎంత వెలుతురు లోపలికి రానిస్తుందో చెప్పేది ఎఫ్ నంబర్, అది పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. 600 దగ్గర ఇది ఎఫ్ 6.3, అంటే ఎఫ్ 4 లెన్స్‌కి అందే వెలుతురులో సగం కూడా అందదు. జనవరిలో మనకి 6.45 దాకా సూర్యుడు రాడు. 6.30కి కదలకుండా నిలబడ్డ కొంగని 1/250, ఐఎస్‌ఓ 6400తో తీశాను, కొంచెం గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) ఉన్నా బాగానే వచ్చింది. ఎగిరే పిట్టలు మాత్రం ఎండ పడేదాకా కష్టమే. 600 ఎఫ్ 4 కావాలంటే 10 లక్షలు దాటుతుంది, అందుకే దీన్ని నేను తప్పు పట్టను.

తప్పు పట్టేది ఈ ట్రైపాడ్ ఫుట్‌ని, అంటే లెన్స్‌ని స్టాండ్‌కి బిగించే ఈ కాలుని. ఇంత ఖరీదు పెట్టిన లెన్స్‌కి దీని అడుగున క్లాంప్ పట్టే గాడి ఎందుకు లేదు? విడిగా ప్లేట్ కొని స్క్రూతో బిగించుకోవాలి. నేను బిగించాను. మూడో వారం అది లూజ్ అయ్యి రెండు కిలోల లెన్స్ మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) మీద ఒక్కసారిగా పక్కకి వాలింది. గబుక్కున పట్టుకున్నాను. ఆ కదలికకి గట్టు మీది తీతువు అరుస్తూ లేచింది. తీతువు అరిస్తే ఇంకేముంది, ఒడ్డున ఉన్న పిట్టలన్నీ లేచిపోయాయి. నేను వచ్చింది వాటిని చూడటానికి, బెదరగొట్టడానికి కాదు. ఆ రోజంతా మనసు బాగోలేదు. గాడి కోయడానికి కంపెనీకి ఎంత ఖర్చవుతుంది చెప్పండి? దయచేసి వచ్చే మోడల్‌లో మార్చండి.

అయినా కొనమనే చెప్తాను. ఎగిరే పిట్టలే మీ ప్రాణమైతే ఆలోచించకుండా కొనండి, దాంతోపాటే గాడి ఉన్న ఫుట్ కూడా విడిగా తీసుకోండి. చెట్టు మీద కూర్చున్నవే తీస్తానంటే పాత లెన్స్ చాలు, ఆ డబ్బుతో నేలపట్టు, పులికాట్ వెళ్ళి రండి.

సోమవారం కొరియర్ వాళ్ళు దీన్ని తీసుకెళ్ళిపోతారు. నాకింకా రేపు పొద్దున ఉంది. 5.30కి గట్టు మీద ఉంటాను.