రెండు జట్లకూ 854 గజాలే

[తెరపై: స్కోరుబోర్డు. ఓక్లహోమా 66, టెక్సస్ టెక్ 59]

2016 అక్టోబర్ 22. టెక్సస్‌లోని లబక్‌లో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్. ఆ రోజు రెండు జట్లూ బంతిని సరిగ్గా 854 గజాల చొప్పున ముందుకు నడిపించాయి. ఒక్క గజం తేడా లేదు. తేడా అంతా అవి వచ్చిన దారిలో ఉంది.

టెక్సస్ టెక్ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని దాడి నడిపే ఆటగాడు) ప్యాట్రిక్ మహోమ్స్ 88 సార్లు బంతి విసిరాడు. పాసుల మీద 734 గజాలు వచ్చాయి, జట్టు మొత్తానికి పరుగు మీద 120. ఓక్లహోమా క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ విసిరింది 36 సార్లే. వచ్చినవి 545 గజాలు, ఏడు టచ్‌డౌన్లు. మిగతా 309 గజాలు పరుగువి. అందులో రన్నింగ్‌బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) జో మిక్సన్ ఒక్కడివే 263.

విసిరిన ప్రతిసారీ మహోమ్స్‌కు సుమారు ఎనిమిది గజాలు దక్కితే, మేఫీల్డ్‌కు పదిహేను దక్కాయి. మహోమ్స్ చేతిలో బలం తక్కువని ఎవరూ అనరు. నన్నడిగితే ఆ తేడాలో మిక్సన్ వాటా చాలా ఉంది: అతని పరుగును ఆపబోతే పాసుకు చోటు దొరుకుతుంది. ఇంకో విడ్డూరం: 2014లో వాషింగ్టన్ స్టేట్ ఆటగాడు కానర్ హాలిడే కూడా సరిగ్గా 734 గజాలే విసిరాడు. ఆ జట్టూ 60-59తో ఓడింది.

[తెరపై: నెమ్మదిగా కదిలే దృశ్యం. క్వార్టర్‌బ్యాక్ చేతులు, ఎదురుగా లైన్‌బ్యాకర్ కాళ్లు]

దాడిలో సమతూకం అంటే సగం పరుగులు, సగం పాసులు అనుకుంటారు. అసలు సంగతి, పరుగో పాసో ఎదుటివాడికి తెలియకపోవడం. ఇక్కడ చూడండి. క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్‌బ్యాక్ పొట్టకు ఆనించాడు, ఇంకా వదలలేదు. చూపు మాత్రం ఎదుటి జట్టు డిఫెండర్ అయిన లైన్‌బ్యాకర్ మీద ఉంది. అతను ముందుకు అడుగేస్తే బంతి వెనక్కి లాగి, అతను ఖాళీ చేసిన చోటికి పాస్. కదలకుండా నిలబడితే బంతి రన్నింగ్‌బ్యాక్‌దే. అడకత్తెరలో పోకచెక్క ఆ లైన్‌బ్యాకర్. దీన్నే ఆర్‌పీఓ, అంటే రన్-పాస్ ఆప్షన్ అంటారు.

ఈ ఎత్తుకు కాలేజీ నిబంధన కలిసివస్తుంది. పాస్ వెళ్లేలోపు లైన్‌మెన్, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు అడ్డుగా నిలిచేవాళ్లు, మూడు గజాల వరకు ముందుకు తోసుకుపోవచ్చు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. లైన్‌మెన్ అలా దూసుకొస్తుంటే పరుగే అనుకోక ఆ లైన్‌బ్యాకర్ ఏం చేస్తాడు?

[తెరపై: గణాంకాల పట్టిక]

పట్టికలను మరీ నమ్మకండి. పాస్ వేయబోయిన క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే, ఆట మొదలైన గీత వెనుకే దొరికిపోతే, ఆ నష్టాన్ని కాలేజీ లెక్కల్లో పరుగు ఖాతాలో రాస్తారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు.

[తెరపై: నేవీ జట్టు ఆట]

అమెరికా నౌకాదళ అకాడమీ జట్టు నేవీ సంగతి వేరు. ట్రిపుల్ ఆప్షన్ (బంతికి మూడు దారులుండే పరుగు ఎత్తు) ఆడిన ఏళ్లలో చాలా మ్యాచ్‌ల్లో వాళ్ల పాసులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా డిఫెండర్‌కు సందేహం తప్పదు: బంతి మధ్యలోంచి వెళ్లే ఫుల్‌బ్యాక్‌కా, క్వార్టర్‌బ్యాక్ దగ్గరే ఉందా, పక్కకు విసురుతాడా? మూడు క్వార్టర్లు ఇదే చూసి, పరుగును ఆపాలని అంచున కాపలా కాసే డిఫెండర్ కార్నర్‌బ్యాక్ ముందుకు వస్తాడు. అప్పటిదాకా అతన్ని అడ్డుకుంటూ వచ్చిన రిసీవర్ (పాస్ పట్టే ఆటగాడు) ఈసారి అడ్డుకోడు. పక్కనుంచి దాటిపోతాడు. పాస్ అప్పుడు వస్తుంది.